అందంగా గురి తప్పేవాడు

సాలీ క్రావెట్స్ బంతి పట్టుకుంటే మా యూదుల పేట బ్రౌన్స్‌విల్ కుర్రాళ్ళు వానొచ్చినా కదిలేవారు కాదు. పిట్కిన్ ఎవెన్యూ వెనక బడి ఆవరణలో గచ్చునేల మీద బాస్కెట్‌బాల్ ఆట. వాడు మూలన నిలబడి, రెండు చేతుల్తో బంతిని గుండెల దగ్గర ఆనించుకుని, తీరిగ్గా, ఎవరికో అరువిచ్చిన వస్తువు తిరిగి ఇస్తున్నట్టు వదిలేవాడు. అది రింగుని తాకకుండా దిగేది. పదహారేళ్ళకే వాడి పేరు మీద వీధిలో తగాదాలయ్యేవి. ఇరవై ఏళ్ళకి డిలాన్సీ కాలేజీ జట్టులో అయిదుగురిలో ఒకడయ్యాడు. ఫీజు లేని కాలేజీ కాబట్టి మా వాళ్ళ పిల్లలంతా అక్కడే చదివేవారు, అంటే చదివేవాళ్ళు చదివేవారు, సాలీ బంతి ఆడేవాడు.

తండ్రి జెలిగ్‌ది ప్యాంట్లు ఇస్త్రీ చేసే కార్ఖానాలో పని. ఆవిరికి రెప్పలు కూడా ఊడిపోయిన మనిషి. కొడుకు ఆట ఒక్కసారే, అదీ ఆవరణ గోడ మీంచి, రెండు నిమిషాలు చూసి ఇంటికొచ్చి పెళ్ళాంతో అన్నాడు.

"ఏవే ఫ్రూమా, ఆ బుట్టకి అడుగు లేదే. వేసిన బంతి వేసినట్టే కిందపడుతోంది. ఇంతమంది చదువుకున్నవాళ్ళు ఆడతారు, ఒక్కడైనా అడుగు కుట్టించుకోడా?"

"నువ్వు కుట్టి పంపు" అంది ఫ్రూమా. "వాడి పేరు పేపర్లో పడింది తెల్సా? నీ పేరెప్పుడైనా పడిందా?"

"నా పేరు పడాలంటే నేను చావాలి. వాడు ఊరికే గెంతుతున్నాడు."

కాలేజీ రోజుల్లో జెలిగ్ మళ్ళీ ఆట చూడ్డానికి వెళ్ళలేదు. సాలీకి అది లోపల గుచ్చుకునేది గానీ పైకి నవ్వేసేవాడు.

ఆ రోజుల్లో కాలేజీ ఆటగాళ్ళంతా వేసవిలో క్యాట్‌స్కిల్ కొండల హోటళ్ళలో వెయిటర్లుగా చేరేవారు. వాళ్ళని తీసుకునేది పళ్ళేలు మోస్తారని కాదు. పనీ ప్రయాణమూ కూడని సబ్బాతు ముగిసిన శనివారం సాయంత్రం, పొట్ట పగిలేలా తిన్న అతిథుల ముందు పక్క హోటలు వెయిటర్లతో బంతి ఆడాలి. అతిథులు తలో డాలరూ వేసి ఒక టోపీలోంచి చీటీ తీసేవారు. చీటీలో ఒక అంకె. రెండు జట్ల పాయింట్లూ కలిపితే ఆ అంకె వచ్చినవాడిదే టోపీలో డబ్బంతా. గాలిమార్పుకొచ్చిన దంతవైద్యుల భార్యలూ, మతగురువు రబ్బీగారి చెల్లెలూ, అందరూ తీసేవారు. అందులో తప్పేముందని ఎవరికీ తోచలేదు, వేసవి సెలవులకి అదొక కాలక్షేపం.

హోటలు వంటవాడు లెవ్‌కో కూడా చీటీ తీసేవాడు. తీసి, వంటింట్లోకొచ్చి, కుర్రాళ్ళ చెవిలో అంకె ఊదేవాడు.

"నూట మూడు. గుర్తుంచుకోండి. నూట మూడొస్తే రేపు మీకు నా చేత్తో కోసిన మాంసం. నూట నాలుగొస్తే పొద్దున మిగిలిన చేప. ఆపైన మీ ఇష్టం."

పాపం, వయసు కుర్రాళ్ళు, వారమంతా మిగిలిన చేప తిన్నవాళ్ళు. ఏ అంకె చెప్తే ఆ అంకె దింపడం సాలీ రెండు శనివారాల్లో పట్టేశాడు. ఎప్పుడు ఆగాలో, ఎవడికి దారివ్వాలో, ఏ బంతి అంచు తగిలి పోవాలో వాడి చేతికి తెలిసిపోయేది. ఆ విద్య ఏ కాలేజీలోనూ చెప్పరు.

ఒక శనివారం మాత్రం చిక్కొచ్చిపడింది. పక్క హోటలుకీ ఒక వంటవాడున్నాడు, వాడికీ ఒక అంకె ఉంది. లెవ్‌కోది నూట మూడు, వాడిది నూట ఆరు. ఇంకో నిమిషం ఉందనగా మొత్తం సరిగ్గా నూట మూడయింది. ఇక మనవాళ్ళకి ఎవరూ ఏమీ వెయ్యకూడదు. వాళ్ళకి ఇంకో మూడు కావాలి, అవి ఎవరి బుట్టలో పడ్డా ఫరవాలేదు. మనవాళ్ళు తమ బుట్టకి కాపలా కాస్తుంటే, వాళ్ళ పొడుగువాడు బంతి పట్టుకుని గిరుక్కున వెనక్కి తిరిగి, తను కాపాడాల్సిన బుట్టలోనే వెయ్యడానికి పరుగు లంకించుకున్నాడు. సాలీ వెంటపడి, ఎగిరి, తన జట్టుకి అప్పనంగా వస్తున్న రెండు పాయింట్లనీ తనే చేత్తో అడ్డంకొట్టి ఆపేశాడు. బంతి తిరిగి వాడి చేతికే వచ్చింది. ఎదురుగా ఖాళీ బుట్ట. హోటలు యజమాని కుర్చీ ఎక్కి "వెయ్యరా వెధవా!" అని కేకలు. వెయ్యక తప్పదు. వేశాడు. బంతి రింగు చుట్టూ రెండుసార్లు తిరిగి, ఆలోచించుకుని, బయటికి పడింది. ఈల ఊదారు.

"ఎంత నీతిపరుడమ్మా ఆ కుర్రాడు! పొరపాటున వచ్చే పాయింట్లు వద్దన్నాడు చూశావా" అంది బ్రాంక్స్ నుంచి వచ్చిన ఒకావిడ, కళ్ళు తుడుచుకుంటూ.

మొదటి వరసలో కూర్చున్న ఎడ్డీ రుబిన్‌చిక్‌కి మాత్రం నీతి కనపడలేదు. ఎడ్డీ ఫర్ కోట్ల వ్యాపారి కొడుకు. వ్యాపారం వాళ్ళ నాన్న చేసేవాడు, వీడు పందాలు కాసేవాడు. తెల్లసూటు, గోళ్ళకి రంగు. మర్నాడు పొద్దున కాఫీ పోస్తున్న సాలీ చెయ్యి పట్టుకున్నాడు.

"తమ్ముడూ, బంతి వేసేవాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారు. ఇంత అందంగా గురి తప్పేవాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు."

సాలీ మురిసిపోయాడు. వాడి బతుకులో అంత పెద్ద మెచ్చుకోలు అదే. అక్కడే వాణ్ణి చెవి పట్టుకుని అవతలకి లాగి ఒక్కటిచ్చేవాడు లేకపోయాడు.

ఎడ్డీ చెప్పింది తేలికే. పందెం రాయుళ్ళకి ఎవరు గెలుస్తారన్నది ముఖ్యం కాదు, ఎంత తేడాతో గెలుస్తారన్నదే. డిలాన్సీ పన్నెండు పాయింట్లతో గెలుస్తుందని ఊరంతా అనుకుంటుంది. ఏడుతో గెలిస్తే చాలు, అంత తేడా రాదని కాసిన ఎడ్డీ పంట పండుతుంది.

"ఓడిపొమ్మనట్లేదుగా?" అన్నాడు సాలీ.

"ఛీ ఛీ, ఓడిపోవడమా! నీ కాలేజీని నువ్వు ఓడిస్తావా? గెలువు. కొంచెం మర్యాదగా గెలువు."

మర్యాదగా గెలవడం సాలీకి నచ్చింది. లెవ్‌కో అంకె చెప్పేవాడు, ఎడ్డీ అంకె చెప్తున్నాడు. అక్కడ మాంసం, ఇక్కడ కవరు. అంతకు మించి తేడా ఉందని వాడి బుర్రకి ఎక్కనే లేదు. ఆ శీతాకాలం మాన్‌హట్టన్‌లో పదిహేను వేలమంది పట్టే హాల్లో నాలుగు ఆటలు అలా మర్యాదగా గెలిచాడు. కవర్లలో వచ్చినదాంతో తల్లికి కరెంటు ఫ్రిజ్ కొన్నాడు. మా మేడ మొత్తానికి అదే మొదటిది. హోటలు టిప్పులని చెప్పాడు. ఫ్రూమా దాని తలుపు తెరిచి, లోపల దీపం వెలగడం చూపించడానికి మూడంతస్తుల ఆడవాళ్ళనీ పిలిచింది. పై అంతస్తు మిసెస్ బ్లూస్టైన్ మాత్రం తలుపు మూశాక దీపం ఆరిందని నమ్మలేదు.

లోపల మాత్రం సాలీకి ఒక దిగులు పట్టుకుంది. నాలుగో ఆట చూడ్డానికి ఉత్తరాది నుంచి, డబ్బిచ్చి ఆడించే పెద్ద లీగు జట్టు మనిషొకడు వచ్చాడు. ఆ రోజు సాలీ ఎనిమిది పాయింట్లే వేశాడు, వెయ్యాల్సింది అంతే కాబట్టి. అయినా వారంలో ఉత్తరం వచ్చింది. "నీకా రోజు ఒంట్లో బాగున్నట్టు లేదు. నువ్వు పూర్తిగా ఆడితే ఎలా ఉంటుందో మాకు చూడాలనుంది. వసంతంలో రా" అని.

ఆ ఉత్తరం చదివి సాలీ చాలాసేపు మంచం మీద కూచున్నాడు. పూర్తిగా ఆడితే ఎలా ఉంటుందో వాడికీ తెలీదు. హోటలు వేసవి మొదలైన దగ్గర్నుంచి, కనిపెట్టుకునుండాల్సిన అంకె ఒకటి లేకుండా వాడు కోర్టులో దిగిందే లేదు. తను అసలు ఎంతటివాడో కొలిచి చూసుకునే అవకాశమే ఇచ్చుకోలేదు. వసంతంలో, ఆ జట్టులో, చేతిని కట్టెయ్యకుండా ఒక్క ఆట ఆడాలి. ఆ క్షణాన్నే ఎడ్డీకి ఫోను చేసి "ఇంక నా వల్ల కాదు" అన్నాడు. "నీ ఇష్టం తమ్ముడూ" అన్నాడు ఎడ్డీ, చాలా మంచిగా. అప్పటికే ఎడ్డీ ఫోను పోలీసులు వింటున్నారు.

మూడు రోజులకి పొద్దున ఎనిమిదింటికి ఇద్దరు ఎర్రమొహాల ఐరిష్ మనుషులు తలుపు తట్టారు. టోపీలు చేత్తో పట్టుకుని మర్యాదగా నిలబడ్డారు. సాలీ ఇంకా లేవలేదు. ఫ్రూమా వాళ్ళని చూసి, ఉత్తరం రాసిన పెద్ద లీగువాళ్ళే కాబోలనుకుని, బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఉల్లిపాయ వేసిన చేప పెట్టింది, టీ పోసింది.

"మావాడంటే మీరేవనుకుంటున్నారు? చిన్నప్పట్నించీ అంతే, చేతికందింది ఇంటికి తెస్తాడు. ఇదిగో, ఇది చూడండి." ఫ్రిజ్ తలుపు తీసింది. "డిసెంబర్‌లో కొన్నాడు. మొత్తం ఒక్కసారే కట్టేశాడు, వాయిదాలు కూడా లేవు!"

ఒకాయన జేబులోంచి పుస్తకం తీసి, "డిసెంబర్ ఎన్నో తారీకమ్మా?" అన్నాడు.

"ఇరవై ఒకటి. గురువారం. రాసుకోండి, రాసుకోండి."

వాళ్ళు రాసుకున్నారు. చేప తిన్నారు కూడా. తర్వాత సాలీని తీసుకుపోయారు.

పోలీసు స్టేషన్లో సాలీ దాచిందేమీ లేదు. ప్రభుత్వ వకీలు దగ్గర ఒకటే పట్టుకు కూర్చున్నాడు: "హోటల్లో అందరూ చేసేవారండీ. రబ్బీగారి చెల్లెలు కూడా చీటీ తీసేది. అక్కడెవరినీ పట్టుకోలేదేం?" వకీలు ఈ కుర్రాడు వెటకారం చేస్తున్నాడా, నిజంగానే అంత వెర్రివాడా అని కాసేపు చూశాడు. నిజంగానే అంత వెర్రివాడు.

బెయిలు మీద ఇంటికొచ్చేసరికి సాలీ ఫోటో అన్ని పేపర్లలోనూ పడింది. జెలిగ్ కార్ఖానా నుంచి పేపరు మడిచి చంకలో పెట్టుకొచ్చి బల్ల మీద పడేశాడు.

"నాకొక్కటి అర్థం కాలేదురా. వెయ్యనందుకు డబ్బులిచ్చారా?"

"అవును నాన్నా."

"ముప్ఫయ్యేళ్ళు ఇస్త్రీ చేశాను. చెయ్యొద్దని నాకెవడూ ఒక్క పైసా ఇవ్వలేదు. ఇదేం దేశంరా!"

ఫ్రూమా లేచింది. ఫ్రిజ్ తీగ పీకేసింది. తారీకు చెప్పింది తనేనని ఆవిడ చచ్చేదాకా మర్చిపోలేదు. ఆ ఏడాదంతా పాలసీసాలు చల్లదనానికి కిటికీ బయట ఇనప మెట్ల మీదే ఉన్నాయి.

జైలు తప్పింది. చిన్న వయసు, మొదటిసారి అని జడ్జీ శిక్ష అమలు చెయ్యకుండా ఆపేశాడు. కాలేజీ వాళ్ళు మాత్రం గెంటేశారు. పెద్ద లీగు ఒకే ఒక్క వాక్యం రాసింది: బతికున్నంత కాలం ఏ జట్టులోనూ ఆడకూడదు. కొండల హోటళ్ళ వాళ్ళు మహా ఆశ్చర్యపోయి, పేపర్లవాళ్ళతో "మా దగ్గర ఇలాంటివి ఎన్నడూ లేవండీ" అని చెప్పుకున్నారు. ఆ మాట చదివినప్పుడు మాత్రం మా వీధి వీధంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది.

సాలీ సోడా సీసాల మోటారు బండి తోలుకోవడం మొదలెట్టాడు. గాజు సీసాల చెక్కపెట్టెలు భుజానేసుకుని నాలుగంతస్తులు ఎక్కించడం, ఖాళీవి దింపడం. మనవాళ్ళ నోళ్ళు తెలిసినవే.

"సాలీ, పది సీసాలడిగితే తొమ్మిదున్నాయే. ఎవడన్నా తేడా మీద పందెం కట్టాడా?" అని మిసెస్ బ్లూస్టైన్.

"లేదు పిన్నీ, మర్యాదగా తెచ్చాను" అనేవాడు సాలీ. నవ్వించేవాడు. నవ్వించకపోతే మెట్లెక్కడం కష్టమని వాడికి తెలుసు. కానీ ఏటా వసంతంలో పెద్ద లీగుకి ఒక ఉత్తరం రాసేవాడు, "ఒక్క ఆట ఆడనివ్వండి, డబ్బులొద్దు" అని. ఏటా అదే ఒక్క వాక్యం తిరిగొచ్చేది. ఆదివారం పొద్దున్నే ఖాళీ ఆవరణకి వెళ్ళి, రెండొందల బంతులు వేసొచ్చేవాడు. నాకు తెలిసి ఒక్కరోజు మానలేదు.

పదేళ్ళు గడిచాక పెన్సిల్వేనియా బొగ్గు గనుల ఊళ్ళోంచి ఒకాయన వెతుక్కుంటూ వచ్చాడు. పేరు స్టాష్ వోయ్‌చిక్. శవాలకి అంత్యక్రియలు చేసే దుకాణం ఆయనది. ఆ ఊరి బంతి జట్టు కూడా ఆయనదే. ఆటగాళ్ళని పక్కూళ్ళకి శవాల బండిలోనే తీసుకెళ్ళేవాడు, వారాంతాల్లో ఆడించేవాడు.

"మా లీగుకీ పెద్ద లీగుకీ సంబంధం లేదు బాబూ. నీ పాత గొడవ మాకు పట్టదు. ఈ శనివారం ఆటకి ఒకడు తక్కువయ్యాడు, కాలు విరిగింది. ఆడతావా?"

"ఎలా ఆడాలి?" అన్నాడు సాలీ.

"ఎలా ఆడటమేంటయ్యా? నీ ఇష్టమొచ్చినట్టు ఆడు!"

ఆ మాట కోసం పదేళ్ళు కూచున్నవాడు. ముప్ఫయ్యొకటి వచ్చింది, మోకాలు ఒకటి పట్టేస్తుంది, అయినా ఆ వారమంతా సీసాలు మోస్తూ ఈల వేశాడు. ఫ్రూమా మాత్రం జెలిగ్‌కి కోటు తొడిగింది.

"నువ్వూ వెళ్ళు. బెంచీ పక్కన కూచో. మంచి సూటేసుకున్నవాడెవడన్నా వాడి దగ్గరికొస్తే తరిమెయ్."

"అక్కడ సూటేసుకునేది శవాలేనటగదే."

"వాటిని కూడా!"

అలా జెలిగ్ క్రావెట్స్ జన్మలో మొదటిసారి కొడుకు ఆట పూర్తిగా చూడ్డానికి వెళ్ళాడు. సబ్బాతని కూడా చూడకుండా సోడా బండిలోనే వెళ్ళారు, నాలుగు గంటల దారి. మధ్యాహ్నం రెండింటికి ఆ ఊరి హైస్కూలు హాల్లో ఆట. హాలు కిక్కిరిసిపోయింది. గని మనుషులు, వాళ్ళ పెళ్ళాలు, పిల్లలు, ఉడికించిన సాసేజిల వాసన. జెలిగ్ టోపీ తియ్యకుండా బెంచీ పక్కన కూచుని సూట్లు వెతికాడు.

మొదట అయిదు నిమిషాలు సాలీ వేసినవేవీ దిగలేదు. తర్వాత మూల నుంచి ఒకటి దిగింది. తర్వాత ఇంకోటి. ఆ తర్వాత ఏమయిందో ఆ హాల్లో ఉన్న ఎవర్ని అడిగినా ఒకటే చెప్తారు, అలాంటి ఆట ఆ ఊరు చూళ్ళేదు. వాడి బుర్రలో ఏ అంకే లేదు. ఇద్దరు మీదపడ్డా వేశాడు, వెనక్కి పడిపోతూ వేశాడు. ముప్ఫయ్యారు పాయింట్లు. నవ్వాపుకోలేకపోయాడు. నోరు తెరిచి, పిల్లాడిలా, పరిగెడుతూ నవ్వాడు. ఒకసారి బెంచీ పక్కనుంచి పోతూ "చూస్తున్నావా నాన్నా!" అని అరిచాడు. జెలిగ్ సూట్లు వెతకడం మానేసి చాలాసేపయింది.

ఇంకో ఆరు సెకన్లు. సాలీ జట్టు ఒక్క పాయింటు వెనక. బంతి సాలీ చేతికొచ్చింది, వాడి మూలలోనే, మీద ఎవరూ లేరు. హాలంతా లేచి నిలబడింది. ఆదివారాలు లక్షసార్లు వేసిన బంతి. గుండెల దగ్గర ఆనించుకుని వదిలాడు. రింగుకి తగిలింది. తిరిగింది. బయటికి పడింది. ఈల ఊదారు.

అప్పుడు పైవరసలోంచి ఎవడో తీరిగ్గా అడిగాడు: "ఎంతిచ్చార్రా సాలీ?"

హాలు పగలబడి నవ్వింది. కోపంతో కాదు. ఒక్కరికీ కోపం లేదు. పేపర్లో చదివిన మనిషి చెయ్యాల్సింది చేసి చూపించాడని అందరికీ తృప్తిగా ఉంది. కొందరు చప్పట్లు కూడా కొట్టారు. వోయ్‌చిక్ పరిగెత్తుకొచ్చి, భుజం మీద చరిచి, చెవిలో నోరు పెట్టాడు.

"గొప్పవాడివయ్యా! ముందే ఒక్క ముక్క చెప్పుంటే నేనూ కాసేవాణ్ణిగా!"

సాలీ ఆయన మొహంలోకి చూశాడు. వెటకారం లేదు. ఆయన నిజంగానే చిన్నబుచ్చుకున్నాడు. భూమ్మీద ఎవడైనా గురి తప్పొచ్చు, తప్పినందుకు తిట్లు తినొచ్చు, ఇంటికెళ్ళి పడుకోవచ్చు. సాలీకి ఆ హక్కు పోయింది. వాడు తప్పితే అమ్ముడుపోయినట్టే.

బట్టలు మార్చుకునే గదిలో జెలిగ్ వచ్చి బల్ల మీద పక్కన కూచున్నాడు. అవతల తలుపు వెనక ఇంకా నవ్వులు వినపడుతున్నాయి.

"వాళ్ళేవంటున్నార్రా?"

"కావాలని తప్పానంటున్నారు."

"వాళ్ళకేం తెలుసు, బొగ్గు మొహాలు. నేను చూస్తూనే ఉన్నా, నీ దగ్గరికి ఒక్క సూటు రాలేదు." జెలిగ్ కొడుకు మోకాలి మీద చెయ్యేశాడు. "నువ్వు చెప్పు. నువ్వు చెప్తే చాలు నాకు. కావాలని కాదు కదా?"

కాదు అనడానికి సాలీ నోరు తెరిచాడు. కాదు. ఎవడూ డబ్బివ్వలేదు, ఎవడూ అంకె చెప్పలేదు. కానీ బంతి వేళ్ళు దాటేటప్పుడు ఒక చిన్న కదలిక, రింగు చుట్టూ తిరిగి బయటికి పొమ్మనే కదలిక, వాడికి తగిలింది. చెయ్యి వణికిందో, పాత అలవాటుకి తనంతట తనే చేసిందో, ఆ చెయ్యి చెప్పడం లేదు. తండ్రి రెప్పల్లేని కళ్ళతో వాడి వైపే చూస్తూ, ఒక్క మాట కోసం ఎదురుచూస్తున్నాడు.

"తెలీదు నాన్నా" అన్నాడు సాలీ. "నాకు తెలీడంలేదు."

పదేళ్ళ కింద పేపరు వాళ్ళ ముందూ, జడ్జీ ముందూ ఏడవనివాడు, అప్పుడు తండ్రి భుజం మీద తలపెట్టి ఏడ్చాడు. జెలిగ్ టోపీ తీసి పక్కన పెట్టి, వాడి వీపు నిమురుతూ కూచున్నాడు. మర్నాడు ఆదివారం, సాలీ ఆవరణకి వెళ్ళలేదు. ఆ తర్వాత ఏ ఆదివారమూ వెళ్ళలేదు.